ముప్పై ఏడో ఫోటో

ఏసేపుకు కోపం ముక్కు మీదే ఉంటుందని కోయిలకుంట్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కోపం లేనివాడు పెళ్ళి ఫోటోలకు పనికిరాడని ఆయన వాదన. తాళి కట్టే నిమిషంలో పదిమంది సెల్‌ఫోన్లు పట్టుకుని కెమెరాకు అడ్డం నిలబడతారు. వాళ్ళని మర్యాదగా బతిమాలుకుంటూ కూర్చుంటే అది తాళి ఫోటో కాదు, వాళ్ళ వీపుల ఫోటో అవుతుంది. అందుకే ముప్పై నాలుగేళ్ళుగా ఆయన ఎవరినీ బతిమాలలేదు, కసిరాడు. కసిరించుకున్నవాళ్ళే ఇంట్లో ఇంకో పెళ్ళి కుదరగానే మళ్ళీ ఆయన స్టూడియో మెట్లెక్కారు.

అలాంటి మనిషి కిందటేడు జూన్‌లో ఒకరోజు తలవంచుకుని తిట్లు తిన్నాడు.

తిట్టినవాడు బసవన్న, దొర్నిపాడు రైతు. ఎనిమిదేళ్ళ కిందట ఆయన కూతురి పెళ్ళికి ఫోటోలు, వీడియో ఏసేపే తీశాడు. ఇంట్లో ఉన్న సీడీ గీతలు పడి ఆడటం లేదని, ఇంకోటి చేసివ్వమని బసవన్న వచ్చాడు. పెళ్ళయిన మరుసటి ఏడే ఆయన తల్లి పోయింది. ఆమె నడిచింది, నవ్వింది, మనవరాలి మీద అక్షింతలు వేసింది ఆ వీడియోలో తప్ప ఇంకెక్కడా లేదు.

"దానిదేముందప్పా, కూర్చో" అని ఏసేపు ధీమాగా ఇనప బీరువా తెరిచాడు. లోపల పంతొమ్మిది హార్డ్ డిస్కులు, ఒక్కొక్కటీ ఒక్కో చేతిరుమాలులో చుట్టి, పైన ఏడాది రాసిన కాగితం అంటించి ఉన్నాయి. కావలసినది తీసి కంప్యూటరుకు తగిలించాడు. అది టిక్కుటిక్కుమని నాలుగుసార్లు కొట్టుకుని ఊరుకుంది. మళ్ళీ తగిలించాడు. ఈసారి కొట్టుకోను కూడా లేదు. కర్నూలుకు పంపించి చూశారు, లాభం లేదన్నారు. ఆ ఏడు తీసిన పెళ్ళిళ్ళన్నీ దాంతోపాటే పోయాయి.

"మా యమ్మను రెండోసారి సంపినావు కదప్పా" అన్నాడు బసవన్న. ఏసేపు ఆ డిస్కును మళ్ళీ రుమాలులో చుట్టి బీరువాలో పెట్టాడు.

ఆ వారమంతా ఇంట్లో ఆయన గొంతు వినిపించకపోయేసరికి భార్య విశ్వాసమ్మకు భయం వేసింది. కోపం లేని మొగుణ్ణి ఆమె ఎప్పుడూ చూసి ఎరగదు. చివరికి కూతురు కృపారాణి కదిలింది. ఆమె నంద్యాలలో డిగ్రీ చదివి, ఐదేళ్ళుగా తండ్రితోపాటే స్టూడియో నడుపుతోంది. పెళ్ళిళ్ళలో వీడియో ఆమెదే, ఆల్బమ్ పనీ ఆమెదే.

"నాయనా, ఈ రుమాళ్ళు, ఈ బీరువా ఇంగ చాలు. అన్నిటినీ ఒక్క తావున పెట్టే పెట్టె ఒకటుండాది. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాది. స్టూడియోలో కంప్యూటరు నుంచి, ఇంట్లో ఫోన్ నుంచి, యాడ్నుంచైనా దాంట్లో చూసుకోవచ్చు. అది తీసుకుందాం."

"ఇంటర్నెట్‌లో పెడతారంట కదా అందరూ. ఆత్మకూరులో స్టూడియో పెట్టిన జయకుమార్ అట్లనే చేస్తాండాడంట."

"జయకుమార్ ఫోటోలు మాత్రమే పెడతాండాడు. మనకు వీడియోలుండాయి. మొన్న ఒక్క పెళ్ళి ఎక్కిద్దామని చూసినా. మన నెట్టుకు నాలుగు దినాలు పట్టి, అయిదో దినం సగంలో తెగిపాయ. పైగా బతికినన్నాళ్ళూ బాడుగ కట్టల్ల."

బాడుగ అన్న మాట ఏసేపుకు ఎక్కింది. స్టూడియో గది సొంతం చేసుకోవడానికి ఆయన పడిన పాట్లు ఆయనకే తెలుసు. సొంత పెట్టె అనగానే లేచి చొక్కా వేసుకున్నాడు.

ఇక్కడ ఏసేపు గురించి ఇంకొక సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఆయన బాధ ఎవరికీ అర్థం కాదు.

రీళ్ళ కాలంలో ఒక రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. అయితే కెమెరాలో రీలు వేసేటప్పుడు మొదట్లో పొదుపుగా తిప్పితే చివర్న ఇంకొకటి మిగులుతుంది. నంద్యాలలో పని నేర్పిన మేస్త్రి ఆ కిటుకు చెప్పాడు. అందరూ ఆ ముప్పై ఏడోదాన్ని పెళ్ళికొడుకు బావమరిదికో మేనమామకో వాడేసి మంచి పేరు కొట్టేసేవారు. ఏసేపు మాత్రం పెళ్ళంతా అయ్యాక, పంక్తులు లేచాక, దాన్ని పట్టుకుని వంటపాక వెనక్కి వెళ్ళేవాడు. వంటవాళ్ళు, గంగాళాలు తోమే ఆడవాళ్ళు, డప్పులవాళ్ళు, షామియానా విప్పేవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు అందరినీ కసిరి కసిరి వరసగా నిలబెట్టి ఆ చివరి ఫోటో తీసేవాడు. తీశాక ఎడమ నుంచి కుడికి పేర్లు అడిగి, ఊరితో సహా నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఆయన తండ్రి కూడా ఇలాగే పెళ్ళిళ్ళలో కట్టెలు కొట్టి, ఒక్క ఫోటో అయినా లేకుండా పోయినవాడు. ఈ సంగతి ఏసేపు ఎవరికీ చెప్పలేదు. అడిగితే "రీలు మిగిలింది కాబట్టి తీస్తాండా" అనేవాడు.

రీళ్ళు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చాయి. వెయ్యి ఫోటోలు తీసినా అడిగేవాడు లేడు. అయినా ఏసేపు ప్రతి పెళ్ళిలో చివరన వంటపాక వెనక్కి వెళుతూనే ఉన్నాడు. దాన్ని ముప్పై ఏడో ఫోటో అనే పిలుస్తున్నాడు. అది ఏ ఆల్బమ్‌లోకీ ఎక్కదు. పెళ్ళివారు అడగరు. తీయించుకున్నవాళ్ళు కూడా రారు, స్టూడియోకు వెళ్ళి ఫోటో అడగవచ్చని వాళ్ళలో సగంమందికి తోచదు. మూడు పెద్ద నోటు పుస్తకాలు మాత్రం నిండాయి. బీరువాలో పంతొమ్మిది డిస్కుల్లో ఏది పోయినా బతుకుతానుగానీ, ఆ ఫోటోలు పోతే తాను ఇన్నేళ్ళూ చేసింది ఏమీ లేనట్టేనని ఆయనకు లోపల గట్టి నమ్మకం.

కర్నూలులో వీరభద్ర కంప్యూటర్ దుకాణం. వీరభద్ర ఏసేపును చూసి "రాండి సార్, కూర్చోండి సార్" అని కుర్చీ వేశాడు. కృపారాణికి స్టూలు చూపించాడు. ఏసేపు కాలు మీద కాలు వేసుకుని, "మంచి పెట్టె చూపీప్పా. పెద్దది" అన్నాడు.

వీరభద్ర మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. మొదటిదానిలో ఒకే డిస్కు, ధర తక్కువ. రెండోదానిలో రెండు డిస్కులు. మూడోదానిలో నాలుగు. అది వీళ్ళ తాహతుకు మించిందని చూడగానే తెలుస్తోంది.

"ఒక్క డిస్కుదే తీసుకోండి సార్, శానామంది అదే తీసుకుంటాండారు" అన్నాడు వీరభద్ర.

"అది పోతే?" అంది కృపారాణి.

"కొత్తది కదమ్మా, యాడ పోతాది."

"మా బీరువాలోదీ ఒకప్పుడు కొత్తదే కదన్నా. ఈ రెండు డిస్కులది తీయండి. దీంట్లో రెండూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకునేట్టు పెట్టొచ్చు కదా? ఒకటి పోతే పెట్టె ఆపకుండానే దాన్ని లాగి కొత్తది పెట్టొచ్చా? పెట్టే పోతే, లోపలి డిస్కులు ఇదే రకం ఇంకో పెట్టెలో పెడితే చదువుతాదా? మా ఊర్లో ఎండాకాలం నలభై నాలుగు ఉంటాది, దీని ఫ్యాను చాలుతాదా?"

వీరభద్ర మొదటి ప్రశ్నకు నవ్వుతూ జవాబు చెప్పాడు. రెండోదానికి ఆలోచించి చెప్పాడు. మూడోదానికి లోపలికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసి కనుక్కొచ్చాడు. మామూలు డిస్కులు వేయబోతే, "ఇవి ఇంట్లో కంప్యూటర్లకన్నా. రాత్రనక పగలనక తిరిగే పెట్టెలకు వేరేవి ఉంటాయి కదా, అవి తీయండి" అని ఆమె పక్కకు నెట్టేసింది. కాసేపటికి వీరభద్ర ఏసేపు వైపు చూడటమే మానేసి, స్టూలు మీది మనిషితోనే మాట్లాడుతున్నాడు. టీ కూడా ఆమెకే ముందు ఇచ్చాడు.

ఏసేపుకు లోపల పొంగిపోయింది. అయితే ఆ పొంగు రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

"ఒక్కో డిస్కులో ఎనిమిది టీబీలు పడతాయి. రెండూ పదహారు. మనవన్నీ కలిపి పదకొండుండాయి. ఇంకా జాగా మిగుల్తాది" అన్నాడు లెక్క కుదిరిన ఆనందంతో.

"లేదు నాయనా. రెండింట్లోనూ ఒకటే రాసుకుంటాది కాబట్టి మనకు దక్కేది ఎనిమిదే."

"ఏమంటాండావు? రెండు కొని ఒకటి వాడుకునేదా? ఇద్దరు వంటోళ్ళను పిల్చుకొచ్చి, ఇద్దరి చేతా అదే సాంబారు చేపిస్తారా ఎవరన్నా?"

"ఒకాయన మధ్యలో పడిపోతే పంక్తి ఆగకూడదంటే చేపించల్ల."

వీరభద్ర నవ్వు ఆపుకోలేక బిల్లు పుస్తకం వెనక మొహం దాచుకున్నాడు. ఏసేపు మొహం మాడ్చుకుని బయటికొచ్చి నిలబడ్డాడు. కృపారాణి తాను అనుకున్నదే కొంది. కరెంటు పోయినా పెట్టె ఒక్కసారిగా ఆగిపోకుండా చిన్న బ్యాటరీ పెట్టె కూడా పక్కన కొంది.

బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బనగానపల్లె దాటేదాకా తండ్రి వేళ్ళు మడిచి లెక్కలు వేస్తూనే ఉన్నాడు.

"సరే, ఎనిమిదిలో పదకొండు పట్టవు కదా" అన్నాడు చివరికి. "ఏవి తీసేస్తావు?"

"ఎవరూ అడగనివి తీసేస్తా" అంది కృపారాణి కిటికీలోంచి చూస్తూ.

ఎవరూ అడగనివి. ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ అడగనివంటే ఏవో ఏసేపుకు తెలియదా? కూతురు పదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి పెళ్ళికి వెంట వచ్చి, "ఆకలైతాంది నాయనా, ఈ ఫోటోలు ఎవరడుగుతారని తీస్తాండావు" అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. 'ముప్పై ఏడోవి ఉంచుతావా పాపా' అంటే చాలు. కానీ అడిగి లేదనిపించుకోవడం ఏసేపు వల్ల కాలేదు. ఎవరినీ బతిమాలని మనిషి కూతుర్ని మాత్రం బతిమాలుతాడా? పెట్టె వంక ఒకసారి చురచురా చూసి కళ్ళు మూసుకున్నాడు.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. ఆ నెలంతా కృపారాణి పొద్దున లేచింది మొదలు పెట్టె ముందే కూర్చుంది. బీరువాలోని డిస్కులు ఒక్కొక్కటే రుమాలు విప్పుకుని దాంట్లోకి ఎక్కాయి. వాటిలో ఇంకో రెండు కొన ఊపిరితో ఉన్నాయని అప్పుడే తేలింది, సమయానికి అందాయి. తరువాత అటక మీది నెగటివ్‌ల పెట్టె కూడా దింపింది. ఎందుకని ఏసేపు అడగలేదు. ఒకరోజు సొరుగు తెరిస్తే మూడు నోటు పుస్తకాలూ కనిపించలేదు. పాత కాగితాల కింద పోయాయనుకున్నాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు.

"ఏమప్పా, కూరలో ఉప్పు తక్కవైందా?" అంది విశ్వాసమ్మ.

"ఉప్పు కాదులే" అన్నాడు.

అయినా ఆ తరువాతి పెళ్ళిళ్ళలోనూ చివర వంటపాక వెనక్కి వెళ్ళడం మానలేదు. ఉంచుకునేవాళ్ళు ఉంచుకుంటారు, తీసేసేవాళ్ళు తీసేస్తారు, తన పని తీయడం. కొత్త నోటు పుస్తకం కొనుక్కుని అందులో పేర్లు రాసుకున్నాడు. కూతురుతో మాట మాత్రం పొడిపొడిగానే ఉండేది.

ఎండాకాలం వచ్చింది. కోయిలకుంట్లలో మే నెల గాలికి రోడ్డు మీది దుమ్మంతా ఇళ్ళలోకే వస్తుంది. విశ్వాసమ్మకు దుమ్మంటే పడదు. స్టూడియో వెనకే ఉన్న వాళ్ళింట్లో టీవీకి తొడుగుంది, మిక్సీకి తొడుగుంది, కుట్టు మిషనుకూ హార్మోనియానికీ తొడుగులున్నాయి. రిమోటు ప్లాస్టిక్ కాగితంలో ఉంటుంది. అంత ఖరీదు పెట్టి తెచ్చిన పెట్టె ఒంటి మీద గుడ్డ లేకుండా ఉండటం చూసి ఆమెకు మనసొప్పలేదు. ఊదా రంగు మఖమల్ గుడ్డ తెచ్చి, అంచుకు లేసు కుట్టి, ముందు వైపు రెండు పావురాలు అల్లి, కృపారాణి ఆల్బమ్‌ల పని మీద నంద్యాలలో నాలుగు రోజులు ఉండిపోయినప్పుడు చూసి పెట్టెకు నిండుగా తొడిగింది. అది చూసి ఏసేపు కూడా బాగుందనే అన్నాడు. పెట్టె మీద ఇష్టంతో కాదు, పావురాలు నిజంగానే బాగున్నాయి.

నాలుగో రోజు పొద్దున్నుంచీ ఎక్కడో కీ... కీ... అని చప్పుడు. ఏసేపు అది బ్యాటరీ గోల అనుకుని పట్టించుకోలేదు. నంద్యాల నుంచి అప్పుడే బస్సు దిగిన కృపారాణి ఇంకా ఇల్లు చేరలేదు, బస్టాండులో ఒకరికి ఆల్బమ్ ఇస్తోంది. అప్పుడు మెట్ల మీద ఒక ఆడమనిషి, ఆమె వెనక పాతికేళ్ళ కొడుకు వచ్చి నిలబడ్డారు.

"ఏసేపు సారంటే మీరేనా?" అంది ఆమె. "మాది సంజామల. నా పేరు సుంకమ్మ. మా ఇంటాయన అయ్యన్న పోయి ఆరు దినాలాయ సారూ. దినానికి ఫోటో కావల్ల."

కొడుకు పరమేష్ ఆధార్ కార్డు చూపించాడు. "దీన్ని పెద్దది చేపిస్తే మొహమంతా చుక్కలు చుక్కలైపాయ సార్. అదీగాక, దీంట్లో ఉండేది మా నాయన మాదిరి లేడు. సెల్లు కూడా పాత బటన్లదే, దాంట్లో ఏం లేవు."

"పెద్ద ఈరన్న వంటల మేళంలో పొయ్యిల కాడ పనిచేసేటోడు" అంది సుంకమ్మ. "పెండ్లయినంక ఎనకొచ్చి మీరు ఫోటో తీస్తారని చెప్పేటోడు. శానా తిడతాడు గానీ మన పేరు అడిగి రాసుకుంటాడు అనేటోడు. ఆ ఫోటో ఉండాదా సారూ?"

ముప్పై నాలుగేళ్ళకు మొదటిసారి ఒకరు అడిగారు.

ఏసేపుకు అయ్యన్న కళ్ళ ముందే ఉన్నాడు. తలకు ఎర్ర తుండు, పొగకు చికిలించుకున్న కళ్ళు, నవ్వితే ఒక పన్ను లేని నోరు. తాను తీశాడు. పేరు రాశాడు. ఇప్పుడు ఇమ్మంటే చేతిలో పుస్తకం లేదు. ఆమెకు ఏం చెప్పాలి? మా పాప తీసేసింది, ఎవరూ అడగరనుకుంది అని చెప్పాలా? బసవన్న మాట గుర్తొచ్చింది.

కీ... కీ... మంటోంది. విసుగొచ్చి వెళ్ళి తొడుగు అంచు ఎత్తి చూశాడు. ముందు రెండు దీపాల్లో ఒకటి ఎర్రగా వెలుగుతోంది. ఎరుపంటే ఏమిటో తెలుసుకోవడానికి కంప్యూటరు చదువు అక్కర్లేదు. మిగిలిందేదో అదీ పోయిందనుకున్నాడు. కృపారాణికి ఫోన్ చేసి, "పాపా, బిర్న రా. పెట్టె పాయ" అన్నాడు. ఆ గొంతులో కోపం లేకపోవడం విని ఆమె ఆటో ఎక్కి వచ్చింది.

వస్తూనే తొడుగు ఊడదీసి పెట్టె మీద చెయ్యి పెట్టి, పెనం ముట్టుకున్నట్టు వెనక్కి తీసుకుంది.

"అమ్మా! ఇదెవరు కుట్టినారు?"

"నేనేమే" అని లోపలి నుంచి వచ్చింది విశ్వాసమ్మ. "దుమ్ము పడతాండాదని. పావురాలు చూసినావా?"

"దానికి గాలాడల్లమ్మా! ఈ ఎండలో మఖమల్ దుప్పటి కప్పితే నువ్వైనా ఉంటావా?"

టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టె వైపు తిప్పి, కంప్యూటరు ముందు కూర్చుని చూసింది. అందరూ ఆమె వీపు వెనక నిలబడ్డారు. సుంకమ్మకు ఏమీ అర్థం కాలేదు గానీ, తన మొగుడి ఫోటో ఆ వేడెక్కిన పెట్టెలో ఉందని మాత్రం తెలిసింది. చేతులు రెండూ కట్టుకుని నిలబడింది.

"ఒక డిస్కు పోయినాది" అంది కృపారాణి. "రెండోది బాగుండాది. అన్నీ ఉండాయి."

ఏసేపుకు ఆ మాటతో సంతోషం రాలేదు. "అన్నీ అంటే మన పెండ్లిండ్లు. వీళ్ళకు కావల్సింది ముప్పై ఏడోది పాపా" అన్నాడు మెల్లగా. "నువ్వు తీసేసింటావు కదా."

"ఎవరన్నారు?"

"నువ్వే. బస్సులో. ఎవరూ అడగనివి తీసేస్తానంటివి."

కృపారాణి తిరిగి తండ్రి వంక చూసింది. పది నెలల పొడి మాటలన్నీ ఆమెకు అప్పుడు అర్థమయ్యాయి. ముందు కోపం వచ్చింది, తండ్రి కూతురే కదా. "డ్రోన్‌తో ఎగరేసి తీసిన పచ్చి వీడియోలు అన్నా నాయనా. పెండ్లికి మూడు గంటలు ఆకాశం తీస్తే ఎవరడుగుతారు? అవి తీసేసినా. ఒక్క మాట నన్ను అడగలేకపోయినావా?"

ఏసేపు పావురాల తొడుగును తీసి మడత పెట్టాడు.

"ఊరు?" అంది ఆమె కంప్యూటరు వైపు తిరిగి.

"సంజామల" అంది సుంకమ్మ.

కృపారాణి సంజామల, అయ్యన్న అని కొట్టింది. ఒక్క క్షణం. తెర మీద నాలుగు ఫోటోలు వరసగా వచ్చి నిలబడ్డాయి. నాలుగు పెళ్ళిళ్ళు, నాలుగు వంటపాకలు, నాలుగింటిలోనూ ఎర్ర తుండు. ప్రతి ఫోటో కింద తేదీ, ఎవరి పెళ్ళో, ఎడమ నుంచి కుడికి అందరి పేర్లు, ఊర్లు తెలుగులో రాసి ఉన్నాయి. నోటు పుస్తకాలు మూడూ ఆమె తన బల్ల సొరుగులోంచి తీసి కంప్యూటరు పక్కన పెట్టింది, అన్నిటికీ అట్టలు వేసి ఉన్నాయి. నెగటివ్‌ల కాలం నుంచి కిందటి నెల దాకా, పాడైన డిస్కుతో పోయిన ఆ ఒక్క ఏడాదివి తప్ప, ఒక్కటి వదలకుండా ఆమె ఎక్కించింది. ఆషాఢంలో ఆమె చేసింది ఈ పని.

మూడో ఫోటోను పెద్దది చేసింది. అయ్యన్న గరిటె భుజాన పెట్టుకుని, పన్ను లేని నోటితో హాయిగా నవ్వుతున్నాడు. ఎవరినో కసురుతున్న ఏసేపును చూసి నవ్వుతున్నాడేమో.

"నాయన..." అన్నాడు పరమేష్.

సుంకమ్మ వంగి తెర మీద ఆ తుండును వేలితో తడిమింది. "ఇది నేను తెచ్చిచ్చిందే. ఆళ్ళగడ్డ సంతలో" అంది. కన్నీళ్ళు జారుతుంటే తుడుచుకోలేదు. కృపారాణి కూడా చూడనట్టు తల తిప్పుకుని, పక్కవాళ్ళను తీసేసి అయ్యన్నను ఒక్కణ్ణే వేరు చేయడం మొదలుపెట్టింది.

"ఆగమ్మా ఆగు" అంది సుంకమ్మ. "ఆ పక్కన గంగాళం పట్టుకోనుండేది యెవరు?"

కృపారాణి ఫోటో కిందకు చూసి చదివింది. "అయ్యన్న, సంజామల. ఆయన పక్కన సుంకమ్మ, సంజామల."

"నేనే" అంది సుంకమ్మ. ఎన్నడో ఒక్కసారి తీయించుకున్న ఆ ఫోటో సంగతే ఆమె మరిచిపోయింది, ఆ పడుచు మొహాన్ని పేరు విన్నాకే గుర్తుపట్టింది. "ఆ పొద్దు గంగాళాలు తోమేదానికి మనిషి తక్కవైతే నన్ను పిల్చుకోనొచ్చినాడు. మా పెండ్లిలో ఫోటో తీయలేదమ్మా. ఇద్దరం ఒక్కతావున ఉండేది ఇదొక్కటే. నన్ను తీసేయొద్దు."

"అమ్మా, దినానికి పెట్టే ఫోటోలో బతికుండే మనిషి ఉండకూడదంటారు" అన్నాడు పరమేష్.

"దినానికి మీ నాయనను ఒక్కన్నే పెట్టండి. ఇది నాకు. ఇంట్లో పెట్టుకుంటా."

ఏసేపు అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నాడు. ముందుకు వచ్చి, "రెండూ చెయ్యి పాపా. పెద్ద సైజులో. ఫ్రేము కూడా కట్టు" అన్నాడు. పరమేష్ జేబులో చెయ్యి పెట్టగానే ఆయన పాత గొంతు తిరిగొచ్చింది. "ఏమప్పా, యాడికి పోతాండాది చెయ్యి? ముప్పై ఏడోదానికి నేనెప్పుడైనా దుడ్లు తీసుకున్నానా? లోపల పెట్టు ముందు!"

ఆ కసురుకు సుంకమ్మ ఏడుస్తూనే నవ్వింది. మొగుడు చెప్పిన మనిషి ఈయనే.

వాళ్ళు వెళ్ళిపోయాక ఏసేపు నోటు పుస్తకాల అట్టలు నిమిరి, "రెండు డిస్కులు ఏమిటికని నేనేమన్నా అన్నానా ఆ పొద్దు?" అన్నాడు.

"అన్నావు. సాంబారు అన్నావు."

"కోపంలో అనింటాలే." ఒక పుస్తకం తెరుస్తూ, "ఇన్నేండ్లవీ ఎంత జాగా పట్టినాయి?" అని అడిగాడు.

"నీ ముప్పై ఏడోవన్నీ కలిపితే ఒక్క పెండ్లి డ్రోన్ వీడియోలో సగం కూడా లేవు నాయనా."

ముందు ఆయనకు చిన్నతనం అనిపించింది. ఒక జీవితమంతా అంతేనా? తరువాత నవ్వొచ్చింది. ఇంత చిన్న జాగా కోసమా పది నెలలు అన్నం సరిగ్గా తినలేదు?

మరునాడే కృపారాణి కర్నూలు వెళ్ళి కొత్త డిస్కు తెచ్చింది. పెట్టె ఆపకుండానే పాతదాన్ని లాగి కొత్తది తోసింది. ఆ మరునాడు సాయంత్రానికి రెండు దీపాలూ పచ్చగా వెలిగాయి. ఈసారి ఏసేపే పట్టుబట్టి ఇంకో విడి డిస్కు కూడా తెప్పించాడు. నెలకొకసారి అన్నీ దానిలోకి ఎక్కించి, ఇంటికి దూరంగా, బద్వేలులో విశ్వాసమ్మ చెల్లెలి ఇంట్లో ఉంచాలని ఆజ్ఞ జారీచేశాడు. "పెట్టె కాలిపోతే, ఎవడన్నా ఎత్తకపోతే?" అని కూతుర్నే కసిరాడు. పెట్టె కొన్న కొత్తలోనే ఈ మాట తాను చెప్పానని ఆమె గుర్తు చేస్తే వినిపించుకోలేదు. పావురాల మఖమల్ గుడ్డ హార్మోనియం మీదికి వెళ్ళింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో, చుట్టపుచూపుగా ఊరికి వచ్చిన ఆత్మకూరు జయకుమార్ ఎదురుపడ్డాడు. "అన్నా, నేను కూడా ఒక పెట్టె తీసుకుందామనుకుంటాండా. ఏది తీసుకోమంటావు?" అని అడిగాడు. పదిమంది వింటున్నారు. ఏసేపు మామూలుగా అయితే అరగంట ఉపన్యాసం ఇచ్చేవాడే.

"నన్నడిగితే ఏం తెలుస్తాదప్పా? మా పాపనడుగు. కర్నూల్లో దుకాణమోడే మా పాపనడిగి నేర్చుకున్నాడు" అన్నాడు, ఆవరణ చివర దాకా వినబడేట్టు.

ఆ మధ్యాహ్నం భోజనం అయ్యాక మంచం మీద కూర్చుని ఫోన్ తీశాడు. అందులో పెట్టె ఎలా తెరవాలో కృపారాణి నేర్పింది. మైకు గుర్తు నొక్కి పేరు చెబితే చాలు, ఆ పేరున్న ఫోటోలు వస్తాయి. ముందు పెద్ద ఈరన్న అన్నాడు, వంద దాకా వచ్చాయి. డప్పుల ఆంజనేయ అన్నాడు, అవీ వచ్చాయి. తరువాత ఊరికే, ఏమీ రాదని తెలిసే, తన పేరు చెప్పాడు. కెమెరా వెనక ఉన్నవాడు ఫోటోలో ఎందుకుంటాడు?

తెర మీద ఫోటోలు వస్తూనే ఉన్నాయి. పైన అంకె చూశాడు. పదకొండు వందల నలభై రెండు. తప్పు నొక్కానేమోనని ఒకటి తెరిచాడు. వంటవాళ్ళు, డప్పులవాళ్ళు, వాళ్ళ పేర్లు. అన్నిటికన్నా కింద, కృపారాణి రాసిన ఒక్క వరస. తీసినది: ఏసేపు, కోయిలకుంట్ల. ఇంకోటి తెరిచాడు. దాని కిందా అదే. ఇంకోటి. ఏ ఒక్కదానిలోనూ తాను లేడు, ప్రతి దాని కిందా తన పేరు ఉంది. ముప్పై నాలుగేళ్ళలో ఆయన అందరి పేర్లూ అడిగి రాసుకున్నాడు గానీ తన పేరు ఒక్కచోటా రాసుకోలేదు.

కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. అద్దాలకు ఏమీ కాలేదు.

"విశ్వాసమ్మా" అని పిలిచాడు, గిన్నెలు తోముతున్న భార్యను. "ఆ పని ఇడిసిపెట్టి ఇట్లా రా. మన పాప ఏం చేసిందో చూద్దువు గానీ."